రుచి చూసినవాడి సంతకం

మా బడిలో నాకు లెక్కలతో పాటు
ఇంకో పని కూడా ఉంది.
పదకొండున్నరకి వంటపాకలోకి వెళ్లి
పిల్లలకంటే ముందు ఒక గరిటెడు తిని
నీలం అట్ట పుస్తకంలో రాయాలి:
తేదీ, వంటకం, రుచి, సంతకం.

రుచి అన్న గడి చాలా చిన్నది.
'బాగుంది' అన్న మాటొక్కటే
దాన్లో ఇరుకు లేకుండా పడుతుంది.
నాలుగేళ్లు అదే రాశాను.

వంట లమిసి చేస్తుంది.
మూడు రాళ్ల పొయ్యి, నడుమెత్తు డేక్షా,
పడవ తెడ్డంత గరిటె.
రెండు టర్ములుగా ఆమెకి డబ్బు రాలేదు.
బోల్గతంగ ఆఫీసులో అడిగితే
ఫైలు అక్రాలో ఉందంటారు.
అక్రా అంటే బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ.
ఫైళ్లకి ఇంకా ఎక్కువ పడుతుంది కాబోలు.
సంతలో పామాయిల్ అప్పిచ్చే ఆవిడ
ఈమధ్య లమిసి కనిపిస్తే
సీసాలు సర్దుకుంటూ అటు తిరుగుతోందట.

అయినా పొయ్యి వెలిగేది.
సోమవారం అలసందలూ గారీ,
అంటే ఎండబెట్టి వేయించిన కర్రపెండలం రవ్వ.
మంగళవారం గారీ, అలసందలూ.
బుధవారం నుంచీ అలసందల నీళ్లు.
ఎనభైమందికి చాలే బస్తా
రెండొందల పదకొండుమందికి ఎలా సరిపోతుందో
లెక్కల మేష్టారిని, నాకు తెలియదు.
లమిసికి తెలుసు.
గరిటె నిండా ముంచి
గిన్నె మీదికి తెచ్చేలోపు మణికట్టు
కొద్దిగా వణికిస్తుంది.
ఆ వణుకులోనే భాగహారమంతా.

మెతుకు పట్టి చూస్తే కుండ సంగతి తెలుస్తుందంటారు.
ఫిబ్రవరిలో ఒకరోజు,
హర్మటాన్ దుమ్ముకి సూర్యుడు
పాత నాణెంలా మాసిపోయిన రోజు,
నా పళ్ల మధ్య ఏదో పటుక్కుమంది.
గింజ కాదు.
గరిటెలోకి చూశాను.
గింజకో కిటికీ, కిటికీలో నల్లని తల.
లమిసి నా మొహం చూడలేదు.
"మూడుసార్లు కడిగాను సార్.
తేలినవి పారబోశాను.
తేలనివాటిని ఏం చెయ్యను?"

ఆరోజు గడి దాటి, గీత దాటి,
పక్క పేజీదాకా రాశాను:
బస్తా మీద ముద్రపడిన ఏడాది,
తూకంలో తగ్గిన కిలోలు, పురుగులు,
వంటమనిషికి రాని జీతం.
కింద నా పూర్తి పేరు, అటాంగా అజూరె.
ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.
అదీ చెప్పాలి.

ఎన్నడూ రానివాళ్లు నాలుగోరోజే వచ్చారు.
తెల్ల జీపు, ముగ్గురు మనుషులు, చేతులకి తొడుగులు.
గింజలు నాలుగు ప్లాస్టిక్ సంచిలోకి,
గదికి తాళం, తాళానికి లక్క.
"మంచి పని చేశారు" అని
తొడుగు తియ్యకుండానే నా చెయ్యి కుదిపారు.
విచారణ అయ్యేదాకా సరఫరా ఆపుతామన్నారు.
ఆపారు.
సరఫరాలో ఇంత చురుగ్గా జరిగిన పని
ఇదొక్కటే.

మొదటి వారం గంట కొట్టగానే
పిల్లలు అలవాటుగా గిన్నెలతో వరస కట్టారు.
రెండో వారం గిన్నెలు తేలేదు.
మూడో వారం వాళ్లే రాలేదు.
కొందరు మేకల వెంట,
కొందరు బంగారం తవ్వే గుంటల దగ్గర
మట్టి మోస్తూ.
తొంభై ఆరుమంది మిగిలారు.

అయిన్‌పోకా వచ్చేది. నాలుగో తరగతి.
తన వాటాలో సగం మూతలో పెట్టి
కంచె అవతల తమ్ముడికి అందించే పిల్ల.
ఆ మూత ఇంకా సంచిలోనే ఉంది.
ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి
కోపమేమీ లేకుండా,
లెక్క అర్థంకానప్పుడు అడిగినట్టే అడిగింది:
"పురుగుల్ని మేం ఏరుకునేవాళ్లం కదా సార్.
మీరెందుకు రాశారు?"

బోర్డు మీద భిన్నం సగంలో ఉంది.
సుద్దముక్క వేళ్లమధ్య పొడైంది.

లమిసి రోజూ వస్తుంది.
డేక్షా ఆరుబయట బోర్లించి
దానిమీదే కూర్చుంటుంది.
లోపల పెడితే
దీనికీ తాళం వేస్తారు అంటుంది.

నీలం అట్ట పుస్తకం
వాళ్లు పట్టుకెళ్లడం మర్చిపోయారు.
పదకొండున్నరకి తెరుస్తాను.
తేదీ వేస్తాను.
వంటకం, లేదు.
రుచి గడి అలాగే వదిలేస్తాను.
సంతకం మాత్రం పెడుతున్నాను,
రేపెవరైనా వచ్చి
ఎవరు చూశారని అడిగితే.